టెడ్డీ రినేర్ గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, అన్నీ ఒకచోట

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ జరిగినప్పటి నుంచి నేను ఎక్కడ జూడో మాట ఎత్తినా చివరికి చర్చ ఈ మనిషి దగ్గరికే వస్తోంది. సాయంత్రం క్లాసు అయ్యాక మ్యాట్లు మడుస్తున్నప్పుడు పిల్లలు అడుగుతారు, గేటు దగ్గర స్కూటీ మీద ఎదురుచూసే తల్లిదండ్రులు అడుగుతారు, వాట్సాప్‌లో క్లిప్ పంపి ఎవరో ఒకరు అడుగుతారు. ప్రశ్నలు అవే, జవాబులు మాత్రం ఒక్కోసారి ఒక్కోలా చెప్తున్నానని అనిపించి కూర్చుని రాసేశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరసగా చదవాలని ఏమీ లేదు.

## ముందుగా మామూలు సందేహాలు

అసలు ఈ రినేర్ ఎవరండీ? రెండు ముక్కల్లో చెప్పండి

ఫ్రాన్స్‌కు చెందిన హెవీవెయిట్ జూడో ఆటగాడు. 1989 ఏప్రిల్ 7న పుట్టాడు. ఎత్తు 2 మీటర్ల పైన, బరువు దాదాపు 140 కిలోలు. ఒలింపిక్స్‌లో ఐదు స్వర్ణాలు, రెండు కాంస్యాలు, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో వ్యక్తిగతంగా 11 టైటిళ్లు. మగవాళ్లలో గానీ ఆడవాళ్లలో గానీ అన్ని ప్రపంచ టైటిళ్లు ఇంకెవరికీ లేవు.

పేరు రైనర్ అనాలా, రినేర్ అనాలా?

ఫ్రెంచ్ వాళ్లు "రినేర్" అంటారు, "నే" మీద ఒత్తి. మన పేపర్లలో రైనర్ అని కూడా వస్తుంది, ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి అలా రాస్తారు. వెతికేటప్పుడు రెండు రకాలుగానూ వెతకండి.

హెవీవెయిట్ అంటే ఎన్ని కిలోలు? పైన లిమిట్ ఉండదా?

ఒలింపిక్ జూడోలో మగవాళ్లకు 60, 66, 73, 81, 90, 100 కిలోల కేటగిరీలు ఉంటాయి, ఆ తర్వాత "100 పైన" అని ఒకటి. ఆడవాళ్లకు 48 నుంచి 78 దాకా ఆరు, ఆపైన "78 పైన". ఈ చివరి కేటగిరీలకే హెవీవెయిట్ అంటాం. వీటికి పై హద్దు ఏమీ లేదు, కాబట్టి 110 కిలోలవాడికి 165 కిలోలవాడు ఎదురు రావచ్చు. మిగతా కేటగిరీల్లో బౌట్‌కి ముందు బరువు తగ్గించుకోలేక అన్నం మానేసి, చెమట పట్టించి నానా అవస్థ పడతారు. హెవీవెయిట్‌కి ఆ బాధ లేదు గానీ ఎదుటివాడు ఎంత బరువుంటాడో తెలియని టెన్షన్ ఉంటుంది.

బౌట్ ఎలా గెలుస్తారు? చూస్తే ఏమీ అర్థం కావట్లేదు

ఎదుటివాడిని వేగంగా, బలంగా, అదుపు తప్పకుండా వీపు నేలకు ఆనేలా విసిరితే ఇప్పోన్, ఆట అక్కడితో అయిపోయినట్టే. నేల మీద వీపు ఆన్చి 20 సెకన్లు కదలనివ్వకుండా పట్టుకున్నా, మెడ నులిమి గానీ మోచేయి మెలిపెట్టి గానీ "వదిలెయ్" అని తట్టేలా చేసినా ఇప్పోనే. త్రో సగం కుదిరితే వజా-అరి ఇస్తారు, రెండు వజా-అరిలు కలిస్తే ఇప్పోన్. అంతకంటే చిన్న స్కోరు యుకో, దాన్ని 2017లో తీసేసి 2025లో మళ్లీ తెచ్చారు. తప్పు చేసినా, ఆడకుండా కాలం గడిపినా షిదో అనే పెనాల్టీ వేస్తారు, మూడు షిదోలు వస్తే ఓడినట్టు. ఇప్పుడు బౌట్ నాలుగు నిమిషాలు. అప్పటికి తేలకపోతే గోల్డెన్ స్కోర్, దానికి టైమ్ లిమిట్ లేదు, ఎవరు ముందు స్కోర్ చేస్తే వాళ్లది.

## చిన్నతనం, తొలి పతకాలు

ఆఫ్రికా నుంచి వచ్చాడా? ఎక్కడ పుట్టాడు?

కాదు. కరీబియన్ సముద్రంలో గ్వాడెలూప్ అనే దీవులున్నాయి, అవి ఫ్రాన్స్‌లో భాగం. అక్కడి లెజాబీమ్ అనే ఊళ్లో పుట్టాడు, పెరిగింది మాత్రం పారిస్‌లో. చిన్నప్పుడు ఇంట్లో కుదురుగా ఉండని పిల్లాడని తల్లిదండ్రులు ఆటల క్లబ్‌లో చేర్పించారు. రకరకాల ఆటలు ఆడి చివరికి జూడోలో నిలబడ్డాడు. మొదలుపెట్టింది ఐదేళ్ల వయసులో. టీనేజ్‌లో పారిస్‌లోని ఇన్సెప్‌కి వెళ్లాడు, అది ఫ్రాన్స్ జాతీయ శిక్షణ కేంద్రం, తిండీ చదువూ ప్రాక్టీసూ అన్నీ ఒకే ఆవరణలో.

ఫ్రాన్స్‌లో జూడో అంత పెద్ద ఆటా? మనకేమో జపాన్ ఆట అనే తెలుసు

పుట్టింది జపాన్‌లోనే. 1882లో జిగోరో కనో టోక్యోలో కొడోకాన్ పేరుతో మొదలుపెట్టారు. కానీ ఫ్రాన్స్‌లో అది ఇంటింటి ఆట. అక్కడి ఫెడరేషన్‌లో నమోదైన సభ్యులు 5 లక్షల పైమాటే, అందులో ఎక్కువమంది పిల్లలు. మన వీధిలో పిల్లాడు బ్యాట్ పట్టుకున్నట్టు అక్కడ పిల్లలు బుధవారం మధ్యాహ్నం తెల్ల డ్రెస్ వేసుకుని క్లబ్‌కి పోతారు. రినేర్‌ని అందరూ పుట్టుకతో వచ్చిన బలం అనుకుంటారు గానీ అలాంటి ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లాడు మన దగ్గర పుట్టి ఉంటే ఐదేళ్లకు మ్యాట్ ఎక్కేవాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఊరికో క్లబ్, క్లబ్‌కో చదువుకున్న కోచ్, ఏడాదంతా పోటీలు, ఇవి ఉంటేనే అలాంటివాడు దొరుకుతాడు.

18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడంటారు, జూనియర్ టైటిలేమో?

జూనియర్ కాదు, సీనియరే. జూనియర్ ప్రపంచ టైటిల్ 2006లోనే కొట్టేశాడు. 2007లో బెల్‌గ్రేడ్‌లో యూరప్ ఛాంపియన్, అదే సెప్టెంబర్‌లో రియో డి జనీరోలో సీనియర్ ప్రపంచ ఛాంపియన్. మగవాళ్లలో అంత చిన్న వయసులో ఆ టైటిల్ గెలిచినవాడు అంతకుముందు లేడు. దారిలో ఓడించింది కూడా మామూలువాళ్లను కాదు. సిడ్నీ ఒలింపిక్ స్వర్ణం గెలిచిన జపాన్ కొసేయ్ ఇనోయూని దాటాడు, ఫైనల్లో రష్యా తమెర్లాన్ త్మెనోవ్‌ని. ఇనోయూతో జరిగిన బౌట్‌లో స్కోరు ఎవరికి ఇవ్వాల్సిందనే గొడవ జపాన్‌లో చాలాకాలం నడిచింది. ఆ వీడియో దొరికితే చూడండి, సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడు కనిపిస్తాడు, ఇప్పటి కొండలాంటి మనిషి కాదు.

అలాంటివాడికి బీజింగ్‌లో కాంస్యమే వచ్చిందేంటి?

2008లో ప్రపంచ ఛాంపియన్ హోదాలో వెళ్లి క్వార్టర్ ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ ఆటగాడు అబ్దుల్లో తంగ్రియెవ్ చేతిలో ఓడాడు. స్వర్ణం జపాన్ సతోషి ఇషీకి పోయింది. జూడోలో క్వార్టర్స్‌లో ఓడినవాళ్లకి రెపిషాజ్ ద్వారా కాంస్యం దాకా వచ్చే దారి ఉంటుంది, ఆ దారిలో కాంస్యం తెచ్చుకున్నాడు. నా లెక్కలో అతని పతకాలన్నిటిలో ఎక్కువ పనికొచ్చింది ఇదే. 19 ఏళ్ల కుర్రాడు, దేశమంతా స్వర్ణం అనుకుంటోంది, మధ్యాహ్నం ఆ ఆశ పోయింది, గంటల్లో మళ్లీ మ్యాట్ ఎక్కి ఆడాలి. అదే ఏడాది డిసెంబర్‌లో పారిస్ పక్కనే ఉన్న లెవల్వా-పెరేలో ఓపెన్ వెయిట్, అంటే ఏ బరువువాళ్లైనా కలిసి ఆడే పోటీలో, ప్రపంచ టైటిల్ గెలిచాడు.

## ఓటమి లేని ఏళ్లు

154 బౌట్లు వరసగా గెలిచాడా? నిజంగానా?

నిజమే. 2010 సెప్టెంబర్ నుంచి 2020 ఫిబ్రవరి దాకా, అంటే తొమ్మిదేళ్ల పైన, ఎవరి చేతిలోనూ ఓడలేదు. ఈ మధ్యలో రెండు ఒలింపిక్ స్వర్ణాలు, ఆరు ప్రపంచ టైటిళ్లు. అయితే ఒక్క సంగతి కలిపి చెప్పాలి, లేకపోతే సగం నిజమే చెప్పినట్టు అవుతుంది. 2017 నవంబర్ తర్వాత 2019 జులైలో మాంట్రియల్ గ్రాండ్ ప్రీ దాకా అతను పోటీల్లోకే దిగలేదు. ఒంటికి విశ్రాంతి, ఇంట్లో చిన్న పిల్లలు. మొత్తంగానే ఏ ఏడాది ఏ టోర్నీకి వెళ్లాలో, ఏది వదిలెయ్యాలో ఏరుకుని ఆడతాడు. దీన్ని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు. నేను పట్టను. 140 కిలోల మనిషి మోకాళ్లు, మడమలు ఏడాదికి పది టోర్నీలు ఆడితే 30 ఏళ్లు దాటవు.

ఆ వరస మొదలవకముందు చివరిసారి ఎవరి చేతిలో ఓడాడు?

జపాన్ దైకి కమికవా చేతిలో, 2010లో, టోక్యోలో, ఓపెన్ వెయిట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో. స్కోరు తేలలేదు, అప్పట్లో రెఫరీలు జెండాలు ఎత్తి నిర్ణయం చెప్పేవారు, 2-1తో కమికవాకి ఇచ్చారు. అదే టోర్నీలో 100 కిలోల పైన కేటగిరీలో రినేర్ జర్మనీ ఆటగాడు ఆండ్రియాస్ టోల్జర్‌ని ఓడించి స్వర్ణం తీసుకున్నాడు. కానీ మనసులో ఉండిపోయింది మాత్రం ఆ జెండాలే అయుంటాయి. జెండాల పద్ధతి ఇప్పుడు లేదు.

అంత బరువుంటే ఎవరైనా గెలుస్తారు కదా? ఇందులో గొప్పేముంది?

ఈ ప్రశ్నకి కాస్త పెద్ద జవాబే ఇస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపాటు పడుతున్నారు.

ఒకటి, అతనికంటే బరువైనవాళ్లు కూడా ఓడారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చివరి బౌట్‌లో పడిన జపాన్ కుర్రాడు తత్సురు సైతో రినేర్ కంటే బరువు ఎక్కువ. రినేర్‌ని 2020లో ఓడించిన కొకొరో కగెయురా అయితే పొట్టి, చాలా తేలిక. బరువే గెలిపించేదైతే ఈ రెండూ తారుమారు కావాలి.

రెండు, అసలు ఆట చేతుల్లో ఉంది. త్రో వచ్చే ఆ ఒక్క సెకను కాకుండా దానికి ముందు 30 సెకన్లు చూడండి. రినేర్ ముందుగా ఎదుటివాడి స్లీవ్ చివర అందుకుంటాడు, మణికట్టు దగ్గర మడత పడిన గుడ్డని నాలుగు వేళ్లతో మూటగట్టినట్టు బిగిస్తాడు. ఆ చెయ్యి ఇక పైకి లేవదు. తర్వాత పొడుగు చెయ్యి అవతలివాడి భుజం మీంచి వెనక్కి పోయి వీపు మీద డ్రెస్ పట్టుకుంటుంది, కొన్నిసార్లు కాలర్ వెనకభాగం. ఇప్పుడు ఆ మనిషి తల వంగిపోతుంది, చూపు నేల మీద ఉంటుంది, నడుము నిటారుగా పెట్టలేడు. తల వంగినవాడు దాడి చెయ్యలేడు, దాడి చెయ్యకపోతే రెఫరీ షిదో ఇస్తాడు, షిదో వచ్చిందని కంగారుపడి ముందుకొస్తే ఒసోతో గరి లేదా ఉచి మతా పడుతుంది. ఒసోతో గరి అంటే ఎదుటివాడి కాలి వెనక మన కాలు వేసి వెనక్కి పడగొట్టడం. ఉచి మతా అంటే తొడల మధ్య కాలు పెట్టి ఎత్తి ముందుకి తిప్పేయడం.

నేను మ్యాట్ మీద ఇది పిల్లలకి చూపించినప్పుడు ముందు నవ్వుతారు, "ఊరికే చెయ్యి పట్టుకోవడమే కదా సార్" అని. స్లీవ్ పట్టు బిగించి "ఇప్పుడు విడిపించుకో" అంటే రెండు నిమిషాల్లో మోచేయి దాకా నొప్పెట్టి ఆగిపోతారు. వేళ్ల కీళ్ల దగ్గర టేప్ చుట్టుకుని ఆడే పెద్ద ఆటగాళ్లని చూస్తే అందుకే నాకు గౌరవం. పట్టు కోసం జరిగే ఆ కొట్లాటే రినేర్ అసలు విద్య, త్రో దాని ఫలితం.

రియో ఒలింపిక్స్ ఫైనల్ బోరు కొట్టింది, ఒక్క త్రో కూడా లేదు. అలా గెలవడం కరెక్టేనా?

2016 ఆగస్టు 12న హిసయోషి హరసవాతో జరిగిన ఫైనల్లో స్కోర్లు లేవు, పెనాల్టీల తేడాతో రినేర్ గెలిచాడు. హాల్లో జనం గోల చేసిన మాట నిజం, జపాన్‌లో చాలామంది నొచ్చుకున్న మాటా నిజం. నిజానికి 2012 లండన్ ఫైనల్లో రష్యా అలెగ్జాండర్ మిఖాయ్‌లిన్‌ని ఓడించింది కూడా పెనాల్టీలతోనే. నాకు అందమైన జూడో ఇష్టం, ఆ రెండు ఫైనల్స్ నేను పిల్లలకి చూపించను. కానీ అతను రూల్స్‌లోపలే ఆడాడు, ఎదుటివాళ్లని పట్టు దొరకనివ్వలేదు, అదీ నైపుణ్యమే. తర్వాత పెనాల్టీల రూల్స్ మార్చి, స్కోరు రాకుండా గెలిచే అవకాశాన్ని తగ్గించే ప్రయత్నం చేశారు.

ప్రపంచ టైటిళ్లు 10 అని ఒకచోట, 11 అని ఒకచోట ఉంది. ఏది కరెక్ట్?

11. రియో 2007, లెవల్వా 2008, రోటర్‌డామ్ 2009, టోక్యో 2010, పారిస్ 2011, రియో 2013, చెల్యాబిన్స్క్ 2014, అస్తానా 2015, బుడాపెస్ట్ 2017, మరకేష్ 2017, దోహా 2023. ఇందులో లెవల్వా, మరకేష్ ఓపెన్ వెయిట్ టైటిళ్లు. 2023కి ముందు రాసిన వ్యాసాల్లో 10 అని ఉంటుంది. 2011లో ఫ్రాన్స్ జట్టుతో వచ్చిన టీమ్ టైటిల్ వేరు.

దోహాలో రెండు స్వర్ణాలు ఇచ్చారట కదా?

అవును. 2023 మే నెలలో దోహా ఫైనల్ గోల్డెన్ స్కోర్‌కి వెళ్లింది, రినేర్ గెలిచినట్టు ప్రకటించారు. ఎదుట ఆడిన ఇనాల్ తసోయెవ్ అంతకుముందు చేసిన ఎదురుదాడికి స్కోరు ఇవ్వాల్సిందని అంతర్జాతీయ సమాఖ్య తర్వాత ఒప్పుకుని అతనికి కూడా స్వర్ణం ఇచ్చింది. రినేర్‌ది తీసెయ్యలేదు. రినేర్ అభిమానినే అయినా తసోయెవ్‌కి న్యాయం జరిగినందుకు నాకు సంతోషం. ఆ క్షణంలో చేతులెత్తి ఉండాల్సింది తనే అనుకుంటూ ఇంటికెళ్లిన మనిషి అతను.

చివరికి ఆ 154ని ఎవరు ఆపారు?

కొకొరో కగెయురా. 2020 ఫిబ్రవరి 9, పారిస్ గ్రాండ్ స్లామ్, రినేర్ సొంత జనం ముందు, అదీ మూడో రౌండ్‌లో. నాలుగు నిమిషాలూ తేలక గోల్డెన్ స్కోర్‌కి పోయింది, రినేర్ దాడికి వెళ్లినప్పుడు కగెయురా తప్పించుకుని ఎదురు తిప్పాడు, వజా-అరి. హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఓడిన తర్వాత రినేర్ మాటల్లో కోపం లేదు, ఒకరకంగా భారం దిగిందన్నట్టే మాట్లాడాడు.

## టోక్యో, పారిస్

టోక్యోలో మూడో స్వర్ణం ఎందుకు రాలేదు?

కరోనా వల్ల ఆ ఒలింపిక్స్ 2021లో జరిగాయి. అంతకుముందు తక్కువ టోర్నీలు ఆడటం వల్ల రినేర్ ర్యాంకింగ్ బాగా కిందుంది, దాంతో డ్రాలో సీడింగ్ దక్కలేదు. క్వార్టర్స్‌లోనే ప్రపంచ నంబర్ వన్ తమెర్లాన్ బషాయెవ్ ఎదురొచ్చాడు, గోల్డెన్ స్కోర్‌లో ఓడించాడు. అక్కణ్నుంచి బ్రెజిల్ రఫాయెల్ సిల్వాని, ఆపై రియో ఫైనల్ ప్రత్యర్థి హరసవాని దాటి కాంస్యం. స్వర్ణం చెక్ ఆటగాడు లుకాష్ క్ర్‌పాలెక్‌కి పోయింది. మర్నాడు మిక్స్‌డ్ టీమ్ ఫైనల్లో ఫ్రాన్స్ జపాన్‌ని వాళ్ల గడ్డ మీదే 4-1తో ఓడించింది, అలా రినేర్ స్వర్ణంతోనే ఇంటికెళ్లాడు.

మొత్తం ఒలింపిక్ పతకాలు ఎన్ని?

ఏడు. 2008 కాంస్యం, 2012 స్వర్ణం, 2016 స్వర్ణం, టోక్యోలో కాంస్యం, టీమ్ స్వర్ణం, 2024లో వ్యక్తిగత స్వర్ణం, టీమ్ స్వర్ణం. వరసగా ఐదు ఒలింపిక్స్, ఒక్కదాంట్లోనూ ఖాళీ చేతులతో రాలేదు.

ప్రారంభోత్సవంలో జ్యోతి వెలిగించింది ఇతనేనా?

ఇతనే, పక్కన మరీ-జోసే పెరెక్. ఆమె 400 మీటర్లలో రెండు, 200 మీటర్లలో ఒక ఒలింపిక్ స్వర్ణం గెలిచిన పరుగుల రాణి. 2024 జులై 26 రాత్రి, కుండపోత వానలో, ఇద్దరూ కలిసి వెలిగిస్తే బెలూన్‌లా ఉన్న జ్యోతి ట్విలరీ తోటలోంచి ఆకాశంలోకి లేచింది. ఇద్దరూ గ్వాడెలూప్‌లో పుట్టినవాళ్లే. వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ చిన్న దీవుల్లో టీవీల ముందు ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

పారిస్ వ్యక్తిగత ఫైనల్లో ఎవరితో ఆడాడు? కష్టపడ్డాడా?

2024 ఆగస్టు 2. వయసు 35. క్వార్టర్స్‌లో జార్జియా గురామ్ తుషిష్విలితో గొడవైంది, బౌట్ అయ్యాక అతను రినేర్‌ని నెట్టడంతో రెఫరీ రెడ్ కార్డ్ చూపించాడు. సెమీస్‌లో తజికిస్తాన్ తెమూర్ రఖిమోవ్. ఫైనల్లో దక్షిణ కొరియా కిమ్ మిన్-జోంగ్, అదే ఏడాది ప్రపంచ ఛాంపియన్ అయిన కుర్రాడు, వయసులో పదేళ్ల పైనే చిన్న. కిమ్‌ని ఇప్పోన్‌తో పడేశాడు. రియోలో త్రో లేదని ఎనిమిదేళ్లు అన్నవాళ్లకి అది జవాబు. మూడు వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణాలతో జపాన్ 60 కిలోల వీరుడు తదహిరో నొమూరా పక్కన నిలిచాడు.

టీమ్ ఫైనల్లో ఆ చక్రం తిప్పడం మోసం అంటున్నారు. సరిగ్గా రినేర్ కేటగిరీ దగ్గరే ఎలా ఆగింది?

ముందు రూల్ చెప్తాను. మిక్స్‌డ్ టీమ్‌లో ఆరు బౌట్లు, ముగ్గురు ఆడ, ముగ్గురు మగ. 3-3 అయితే ఆరు కేటగిరీల్లో ఒకదాన్ని లాటరీలా ఎంపిక చేసి, అదే ఇద్దరితో గోల్డెన్ స్కోర్ ఆడిస్తారు. ఈ రూల్ పారిస్ కోసం పుట్టింది కాదు. ఆరింటిలో ఒకటి రావాలి, ఆ రోజు "90 పైన" వచ్చింది, టీమ్ పోటీలో మగవాళ్ల హెవీవెయిట్ అదే. ఆరింటిలో ఒక వంతు అవకాశం అంటే మరీ అరుదైందేమీ కాదు, పాచికల్లో ఆరు పడ్డట్టే.

అనుమానం ఎందుకొచ్చిందో నాకు అర్థమవుతుంది. ఆగస్టు 3 రాత్రి నేను ఫోన్‌లో చూస్తున్నాను. జపాన్ 3-1తో ముందుంది, ఇంకొక్కటి గెలిస్తే అయిపోయేది. జోన్-బెంజమిన్ గబా అనే కుర్రాడు వచ్చి 66 కిలోల ఒలింపిక్ ఛాంపియన్ హిఫుమి అబేని పడేశాడు. ఆ తర్వాత క్లారిస్ అగ్‌బెగ్నెనూ గెలిచి 3-3 చేసింది. అప్పుడు పెద్ద స్క్రీన్ మీద చక్రం తిరగడం మొదలైంది, అంకెలు గిర్రున తిరుగుతున్నాయి, హాల్లో కేక కొంచెం కొంచెం పెరుగుతోంది, మెల్లగా అయి "+90" దగ్గర ఆగింది. ఆ అరుపుకి నా ఫోన్ స్పీకర్ గరగరలాడింది. అంతకు కాసేపటి ముందే రినేర్ చేతిలో ఓడిన తత్సురు సైతో మళ్లీ అదే మనిషి ఎదుట నిలబడాలి. చాలాసేపు పట్టు కోసమే పెనుగులాడారు, చివరికి రినేర్ ఇప్పోన్‌తో ముగించాడు. చక్రం అతని పేరు పిలిచింది, నిజమే. త్రో మాత్రం చక్రం వెయ్యలేదు.

ఆ ఓడిన సైతో ఎవరు? ఏడుస్తుంటే జాలేసింది

2002లో పుట్టిన కుర్రాడు. అతని తండ్రి హితోషి సైతో 1984, 1988 ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ స్వర్ణాలు గెలిచిన దిగ్గజం, 2015లో కన్నుమూశారు. తండ్రి పేరు వీపు మీద మోస్తూ ఆడటం, అదీ ఒకే సాయంత్రం ఒకే మనిషి చేతిలో రెండుసార్లు పడటం. అతన్ని ఎగతాళి చేసే మీమ్స్ దయచేసి పంపకండి.

## పోలికలు

యమషిత గొప్పా, రినేర్ గొప్పా?

యసుహిరో యమషిత 1977 నుంచి 1985 దాకా 203 బౌట్లు ఓడకుండా ఆడారు, మధ్యలో ఏడు డ్రాలు. నాలుగు ప్రపంచ టైటిళ్లు. 1980 మాస్కో ఒలింపిక్స్‌ని జపాన్ బహిష్కరించడంతో మంచి వయసులో ఒక స్వర్ణం చేజారింది. 1984 లాస్ ఏంజెలెస్‌లో పిక్క కండరం చిరిగి కుంటుకుంటూనే ఫైనల్‌కి వెళ్లి ఈజిప్ట్ ఆటగాడు మొహమ్మద్ రష్వాన్‌ని ఓడించారు. అంకెల్లో పతకాలు రినేర్‌వి ఎక్కువ, ఓడని వరస యమషితది ఎక్కువ. నన్ను ఒక్కటే చెప్పమంటే, నేల మీద ఆటలో యమషిత, నిలబడి పట్టులో రినేర్. 18 ఏళ్లకి గెలిచి 35 ఏళ్లకి కూడా గెలవడం అన్న ఒక్క విషయంలో రినేర్‌కి సాటి ఎవరూ కనిపించరు.

ఫ్రాన్స్‌లో ఇతనికంటే ముందు పెద్ద పేరు ఎవరిది?

డేవిడ్ డూయే. 1996, 2000 ఒలింపిక్ హెవీవెయిట్ స్వర్ణాలు, 1992లో కాంస్యం, నాలుగు ప్రపంచ టైటిళ్లు. రినేర్ తరం పిల్లలు ఆయన్ని చూసే పెరిగారు.

## మన దగ్గర, మన పిల్లలు

మన దేశంలో హెవీవెయిట్ జూడోలో ఎవరున్నారు?

తులికా మాన్, 78 కిలోల పైన కేటగిరీ. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో రజతం గెలిచింది. పారిస్ ఒలింపిక్స్‌కి జూడోలో మన దేశం నుంచి వెళ్లింది ఆమె ఒక్కతే. రినేర్ స్వర్ణం గెలిచిన ఆగస్టు 2నే, అదే హాల్లో ఆమె బౌట్ కూడా. ఎదురుగా క్యూబా ఇదాలిస్ ఓర్టిజ్, లండన్ స్వర్ణంతో కలిపి నాలుగు ఒలింపిక్ పతకాలున్న మనిషి. అర నిమిషంలోపే ఇప్పోన్ పడింది. దాన్ని చూసి "ఎందుకు పంపారు" అన్నవాళ్లున్నారు. అలా అనకండి. ఆ స్థాయి ప్రత్యర్థులతో ఏడాదికి ఇరవైసార్లు పట్టు పట్టే అవకాశం ఉన్నవాళ్లకీ, ఒలింపిక్స్‌లోనే మొదటిసారి పట్టేవాళ్లకీ తేడా అంతే ఉంటుంది. మణిపూర్ అమ్మాయి లింథోయ్ చనంబం 2022లో సరాయెవోలో క్యాడెట్ ప్రపంచ స్వర్ణం తెచ్చింది, 57 కిలోల్లో. అంటే చిన్న వయసులో మనవాళ్లూ గెలుస్తున్నారు, ఆ తర్వాత ఏళ్లలోనే వెనకబడుతున్నాం.

మా బాబు లావుగా ఉంటాడు, స్కూల్లో ఏడిపిస్తున్నారు. జూడోలో వేస్తే రినేర్‌లా అవుతాడా?

రినేర్‌లా అవుతాడని చెప్పను, కానీ తప్పకుండా వెయ్యండి. జూడో వెయిట్ కేటగిరీల ఆట, బరువైన పిల్లాడిని పక్కన కూర్చోబెట్టరు, అతని కోసం ఒక చోటు ఎప్పుడూ ఉంటుంది. మా దగ్గరికి అలా వచ్చిన ఒక పిల్లాడు మొదటి నెల మ్యాట్ అంచునే నిలబడేవాడు, టీషర్ట్ కిందికి లాక్కుంటూ. మూడో నెలలో సీనియర్లు తమ త్రో ప్రాక్టీసుకి వాడినే పిలవడం మొదలుపెట్టారు, ఎందుకంటే వాడిని కదపగలిగితే ఎవరినైనా కదపొచ్చు. ఇప్పుడు అందరికంటే ముందొచ్చి మ్యాట్లు పరుస్తున్నాడు. ఒక్క జాగ్రత్త. కోచ్ మొదటి వారాలు బ్రేక్ ఫాల్స్, అంటే దెబ్బ తగలకుండా పడటం నేర్పిస్తున్నాడా, నేరుగా త్రోలకి పోతున్నాడా చూడండి. బరువైన పిల్లలు తప్పుగా పడితే భుజం, మణికట్టు దెబ్బతింటాయి.

రినేర్ రిటైర్ అయిపోయాడా?

పారిస్ తర్వాత ఆగిపోతాడనే అందరూ అనుకున్నారు. అతను మాత్రం 2028 లాస్ ఏంజెలెస్ మీద ఆశ ఉందని చెప్పాడు. అప్పటికి 39 ఏళ్లు.

మా అమ్మాయి జూడో నేర్చుకుంటోంది. రినేర్ బౌట్లలో ఏవి చూపించాలి?

మూడు చాలు. మొదట 2007 రియో, బక్కగా ఉన్న కుర్రాడు. తర్వాత 2020 పారిస్‌లో కగెయురా చేతిలో ఓడింది, దాన్ని రెండుసార్లు చూపించండి, ఒకసారి రినేర్ వైపు నుంచి, ఒకసారి కగెయురా వైపు నుంచి. మూడోది 2024 టీమ్ ఫైనల్లో సైతోతో చివరి బౌట్. సౌండ్ తీసేసి, స్పీడ్ సగానికి తగ్గించి చూడమనండి. కాళ్ల వైపు చూడొద్దని చెప్పండి, త్రో ఎలాగూ కనిపిస్తుంది. స్లీవ్ ఎవరి చేతిలో ఉందో, ఎప్పుడు చేజారిందో, మళ్లీ ఎప్పుడు దొరికిందో నోట్‌బుక్‌లో టిక్కులు పెట్టుకుంటూ రాయమనండి. తర్వాత రోజు క్లాసుకి ఆ నోట్‌బుక్ తెచ్చి కోచ్‌కి చూపించమనండి.